సర్వారాయుడు గారి నూట అరవై మూడు వద్దులు

గట్టు 47, వేసవి 9. కరెంటు: 13 గంటలు

మా కొత్తమొగలో రికార్డు రాసేవాళ్లకు రెండు పుస్తకాలిస్తారు. మొదటిది రికార్డు. ఊరి సభలో ఫలానా సభ్యుడు ఏ రోజు, ఏ విషయం మీద ఏమన్నాడో అందులో రాయాలి. మన అభిప్రాయం ఒక్క అక్షరమైనా దొర్లకూడదు. రెండోది పక్క పుస్తకం. కోపం, జాలి, విసుగు, ఎత్తిపొడుపు అన్నీ ఇందులో కక్కేసుకుంటే అక్కడ చెయ్యి జారదని ఈ ఏర్పాటు. దీన్నెవరూ చదవరు. కాబట్టి మొదటి రోజే చెప్పేస్తున్నాను, ఈ పని నాకు ఇష్టం లేదు.

ఈసారి కుర్చీ దిగుతున్నది బొలిశెట్టి సర్వారాయుడు గారు. డెబ్భై ఎనిమిదేళ్లు. ముప్ఫై నాలుగేళ్లుగా సభలో, ఉన్నది ఉన్నట్టే ఉండాలనే నిలకడ పక్షం మనిషి. కరెంటు గురించి, గాలీ నీళ్లూ అడవీ గురించి ఆయన అన్న ప్రతి మాటా ఏరి, వేసవి ముప్ఫయ్యో రోజున ఊరందరి ముందూ చదవాలి. ఒక్కో మాట చదివి "ఇది మీ మాటేనా?" అని నేనడుగుతాను. ఆయన అవునంటే ఆ మాట నిలుస్తుంది. కాదంటే, దాని మీద ఆధారపడ్డ రూలు కూడా అక్కడితో ఆగిపోతుంది. సభ్యులెవరు దిగిపోయినా ఇంతే.

పదకొండింటికి, ఇక బయట తిరగొద్దని ఎండ కూత కూసేలోపే వాళ్లింటికి వెళ్లాను. అరుగు మీద కూర్చుని పీతల బుట్ట అల్లుతున్నారు.

"ఏవమ్మాయ్ సుభాషిణీ, నా రికార్డు రాయడానికి ఊళ్లో ఇంకెవరూ దొరకలేదా?" అన్నారు తలెత్తకుండానే.

"చీటీలో నా పేరొచ్చిందండి మావయ్యగారూ."

"మీ ఓలేటోళ్ల ఇల్లు నా మూలంగానే పోయిందని నీకు కోపంగదా. రాయి రాయి, నీ చేత్తో రాస్తే ఘాటుగా ఉంటది."

ఆయన నాకు చుట్టరికమేమీ కాదు. గట్టు మీద బతికేవాళ్లందరం ఒకరికొకరు మావయ్యలం, అత్తయ్యలం. ఆయన భార్య మంగతాయారు అత్తయ్యగారు గ్లాసెడు మజ్జిగ ఇచ్చి, "ఆయన మాటలకేంలే తల్లీ, తాగు" అన్నారు. మజ్జిగలో ఉప్పు ఎక్కువైంది. కావాలనే వేస్తారట, ఎండకి మంచిదని.

గట్టు 47, వేసవి 12. కరెంటు: 12 గంటలు

మూడు రోజులుగా పాత రికార్డులు తిరగేస్తున్నాను. తెల్లవారి నాలుగింటికి లేచి, బట్టలుతికి ఆరేసి (పావుగంటలో అప్పడాల్లా ఎండిపోతాయి), చేపలు ఎండబెట్టి, పది దాటేలోపు ఎంత చదవగలిగితే అంత చదువుతున్నాను. నూట అరవై మూడు వద్దులు లెక్క తేలాయి. అవును ఒక్కటే దొరికింది. ముప్ఫై నాలుగేళ్లలో ఒక్కటంటే ఒక్కటి!

ఇళ్ల కప్పుల మీద ఎండ పలకలు పెడదామంటే వద్దు. "పెంకు మీద పిట్ట ఎక్కడ వాల్తుంది?" అట. అదే వద్దు పదకొండేళ్లు, ఏటేటా. పదకొండేళ్లకి పలకలొచ్చాయి. ఎనిమిదేళ్లు తిరక్కుండానే పలకలు తెచ్చే ఓడలు రావడం మానేశాయి. ఉన్నవాటిని ఉప్పుగాలి తినేసింది. అప్పుడే నాలుగు రెట్లు కొని దాచుకుని ఉంటే ఇవాళ మనకీ అవస్థ లేదు. ఇది చదివినప్పుడు పుస్తకం ఎత్తి గోడకేసి కొడదామనిపించింది.

మళ్లీ ఇంకో పేజీలో, అద్దాల పొలం వద్దు. వేల అద్దాలు పెట్టి ఎండనంతా ఒక్కచోటికి తిప్పి నీళ్లు మరిగిద్దామన్నారు. ఈయన ఒక్కరే అడ్డం పడ్డారు, అందరూ తిట్టుకున్నారు. పక్క ఊరివాళ్లు కట్టుకున్నారు. రెండేళ్లలో ఆ చుట్టుపక్కల తాడిచెట్టన్నది లేకుండా మాడిపోయాయి, కొంగలు గాల్లోనే కాలి రాలిపడ్డాయి. మేఘాలకి మందు కొట్టడం కూడా వద్దు. కొట్టినవాళ్ల ఊళ్లో రెండేళ్లు బురద కురిసింది. మరి ఈ మనిషిని ఏమనాలి? ఎండని నమ్మలేదు, ఎండతో ఆడుకునేవాళ్లనీ నమ్మలేదు.

ఇక గట్టు కట్టిన 29వ ఏడు. గట్టుని గజం ఎత్తు పెంచుదామంటే వద్దు. గట్టు 31లో ఉప్పెన వచ్చి దక్షిణ వీధి మొత్తాన్ని ఊడ్చుకుపోయింది. మా ఇల్లు ఆ వీధిలోనే ఉండేది. మనుషులం మిగిలాం, అంతే.

ఆ పేజీ పట్టుకుని వెళ్లాను. ఆయన ముందు పెట్టి అడిగాను. "దీనికేం రాయమంటారు?"

"వద్దన్నాను. రాయి."

"ఎందుకన్నారో?"

"మొదట గట్టు కట్టినోళ్లకి సముద్రం సంగతి తెలవదా, మనం ఆళ్లకంటే గొప్పోళ్లమా అనుకున్నాను. ఆళ్లకీ తెలవదు. తప్పు నాది. అది కూడా రాయి."

"తప్పులు రాసే గడి లేదండి రికార్డులో."

"లేకపోతే గియ్యి. గీత గీయడం రాదా?"

పదహారేళ్లుగా ఈయన నోట ఆ మాట వినాలనుకున్నాను. ఇంత సులువుగా అనేస్తారని తెలిస్తే ఎప్పుడో అడిగేసేదాన్ని. ఇంటికొచ్చి ఏమీ తోచక చేపల పులుసు రెండుసార్లు పోపు పెట్టాను.

గట్టు 47, వేసవి 14. కరెంటు: 12 గంటలు

ఆ ఒక్క అవును దేనికో చూపిస్తానని తెల్లవారుజామున నన్ను పడవెక్కించారు. తెడ్డు తనే వేశారు. నేనందుకోబోతే, "నువ్వు రాసుకో, నీకు తెడ్డెందుకు" అని కసిరారు.

ఊరికి తూర్పున, గట్టుకీ సముద్రానికీ మధ్య మడ అడవి ఉంది. రెండు వందల ఎకరాలు. చుట్టూ ఉన్న చెట్ల మొదళ్ల మీద సున్నపు గీత కనిపిస్తుంది. గట్టు 18లో ఈయన సభలో పెట్టి గెలిపించుకున్న రూలు అది. మడ గీత దాటి లోపల ఒక్క కొమ్మ కూడా కొట్టకూడదు. అప్పటినుంచీ ప్రతి ఏడూ ఆ సున్నం ఈయనే వేస్తారు.

"ఇది తెల్లమడ. ఇది ఉప్పుపొన్న, దీని వేళ్లు చూడు, సాలెపురుగు కాళ్లలా. ఈ తిల్లచెట్టు పాలు కంట్లో పడితే కళ్లు పోతాయి, దూరంగా ఉండు. ఇదిగో, ఈ ముసిల్ది మా తాత చిన్నప్పుడే ముసిల్దంట."

"మడ చెట్లు ఉప్పెనని ఆపుతాయని చదివే ఈ రూలు పెట్టారా మావయ్యగారూ?"

"నాకు సైన్సు తెలవదమ్మా. అడవి మనకంటే ముందొచ్చింది. ముందొచ్చి కూర్చున్నోళ్లని లేపకూడదు. అంతే."

నవ్వొచ్చింది. ఇంత మొండిమనిషి ఆ చెట్ల మధ్య చిన్నపిల్లాడిలా అయిపోయి, ఒక్కో మొదలూ తడుముతూ పేర్లు చెబుతుంటే ముచ్చటేసింది కూడా. తిరిగొచ్చేసరికి ఆయన పంచె నిండా బురద. అత్తయ్యగారు ఇద్దర్నీ కలిపి చీవాట్లు పెట్టారు.

గట్టు 47, వేసవి 17. కరెంటు: 11 గంటలు

పెమ్మాడి జ్యోత్స్న వచ్చింది. పోటు చక్రాల ఇంజనీరు. సముద్రం పోటెక్కినప్పుడూ తీసినప్పుడూ ఆ చక్రాలు తిరిగితేనే మా ఊరికి కరెంటు. వారం రోజులుగా పిల్ల కళ్లు లోపలికి పోయి ఉన్నాయి.

"చక్రాల ముందు ఒండ్రు మేట వేసేస్తందక్కా. తీస్తే మూడు పోట్లకే మళ్లీ నిండిపోతంది. నీళ్లు అడవి చుట్టూ తిరిగి వస్తన్నాయి కదా, నీరసపడి ఒండ్రంతా ఇక్కడ దింపేస్తన్నాయి. అడవిలోంచి తిన్నగా కాలవ తవ్వితే తప్ప లాభం లేదు."

"ఎంత మేర?"

"అరవై ఎకరాలు పోద్ది."

ఆ అరవై ఎకరాలూ మొన్న పడవలో చూసొచ్చినవే.

"కరెంటులో సగం మింగేది చల్లసావిడి," అంది జ్యోత్స్న. "అందుకే నీ దగ్గరకొచ్చా. సావిడి రూలు పుట్టిన రోజు రికార్డు చూపించు."

చల్లసావిడి అంటే గట్టు మీది పెద్ద హాలు. మందపాటి మట్టిగోడలు, గోడల్లో చల్లనీళ్ల గొట్టాలు. పదకొండు నుంచి నాలుగు దాకా ముసలివాళ్లు, గర్భిణులు, పసిపిల్లలు, ఇంట్లో గదిని చల్లబరిచే చల్లపెట్టె లేనివాళ్లు అందరూ అక్కడే. మూడు వందల మంది. గట్టు 28లో ఆ రూలు వచ్చింది. అంతకుముందు వేసవికి ఇరవై, ముప్ఫై మంది ఎండదెబ్బకి పోయేవారు. తర్వాత ఒకరో ఇద్దరో.

రికార్డు తీశాను. తొమ్మిది మంది సభ్యులు. నలుగురు అవును, నలుగురు వద్దు. తొమ్మిదో పేరు దగ్గర, అప్పటి రికార్డుదారు జోసెఫ్ రాజు గారి గుండ్రటి రాతలో: "సర్వారాయుడు గారు: మౌనం. కళ్లు మూసుకుని ఉన్నారు."

ఇది ఊళ్లో అందరికీ తెలిసిన కథే. మా సభలో మూడుసార్లు అడిగాక నోరు తెరవనివాళ్లు అవునన్నట్టే లెక్క. గట్టు కట్టేటప్పుడు గాలి హోరులో ఎవరి మాటా వినపడేది కాదట. వద్దనుకున్నవాడే గొంతు పెంచాలని పెద్దలు పెట్టుకున్నారు. కానీ నిద్రపోయినవాడు మౌనంగా ఉన్నట్టు కాదు, రానట్టు. ఆ రోజు అధ్యక్షుడు ఈయనది మౌనమన్నాడు, సావిడి రూలు ఒక్క ఓటుతో గట్టెక్కింది. నిలకడ పక్షంవాళ్లు నెత్తీ నోరూ కొట్టుకున్నారు. ఈయన మాత్రం అప్పుడూ ఏమీ అనలేదు, ఆ తర్వాతా అనలేదు. పంతొమ్మిదేళ్లుగా సావిడి పండగ రోజున బడిపిల్లలు గుడ్డ మీసాలు పెట్టుకుని సర్వారాయుడు గారు కునుకు తీసే నాటకం ఆడతారు. ఆయన ముందు వరసలో కూర్చుని చూస్తారు.

"ఇప్పుడు చెప్పక్కా," అంది జ్యోత్స్న. "ముప్ఫయ్యో రోజున నువ్వడుగుతావు. నిద్రపోయానని ఆయనంటే నాలుగూ నాలుగూ సమానం, ఆ రూలు పుట్టనే లేదు. సావిడి మూసేస్తారు. చల్లపెట్టెలున్న ఇళ్లవాళ్లు ఎప్పటినుంచో అడుగుతన్నారు. ఉన్న కరెంటు ఇళ్లకి సరిపోద్ది, కాలవ అక్కర్లేదు, అడవి మిగుల్తుంది. మెలకువగా ఉన్నానంటే మటుకు సావిడి ప్రాణాల రూలు, మడ గీత కంటే పైది, మొదటి కరెంటు దానికే ఇవ్వాలి. కాలవ తవ్వక తప్పదు."

"నువ్వేమంటావు?"

"నేను చక్రాలు తిప్పేదాన్ని, నన్నడక్కు." గుమ్మం దాకా వెళ్లి ఆగింది. "మా అమ్మమ్మ సావిడిలోనే ఉంటది పొద్దంతా."

గట్టు 47, వేసవి 18. కరెంటు: 11 గంటలు

అడిగాను.

"ఊరందరికీ తెలిసిందేగా. నిద్దరోయాను. అదే రాసెయ్," అన్నారు.

"సావిడి మూసేస్తారండి."

"తెలుసు."

బుట్ట అల్లడం ఆపలేదు. నేను పెన్సిలుతో "నిద్ర" అని రాసుకుని వచ్చేశాను. సాయంత్రానికల్లా నిలకడ పక్షంవాళ్లు మిఠాయిలు పంచుకున్నారట. అడవి మిగులుతుందని నాకు సంతోషం కలగాలి. పెన్సిలు రాత చూస్తే మాత్రం ఒళ్లు మండుతోంది.

గట్టు 47, వేసవి 22. కరెంటు: 9 గంటలు

ఈ వేసవిలో ఇంత ఎండ ఇదే. కూత పదింటికే కూసింది. దార్లో చెప్పు అంటుకుపోయి ఊడొచ్చింది, ఒంటికాలితో గెంతుకుంటూ సావిడిలోకి పడ్డాను.

లోపల సగం గొట్టాలే చల్లగా ఉన్నాయి. మూడు వందల మందీ ఆ సగం గోడకే ఆనుకుని, ఒకరి మీద ఒకరు కూర్చున్నట్టున్నారు. పసివాళ్లని గోడ పక్కకి జరిపి, పెద్దవాళ్లు వెనక సర్దుకున్నారు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. మంగతాయారు అత్తయ్యగారు వెనక వరసలో ఉన్నారు. మొహమంతా కందిపోయింది. ముందుకి రమ్మంటే, "ఆ పిల్ల నెలలు నిండిన మనిషమ్మా, దానికుండనీ" అన్నారు.

పక్కన కూలబడి విసనకర్రతో విసురుతూ ఉన్నదున్నట్టు చెప్పేశాను. సావిడి మూసేస్తే మీరేం చేస్తారత్తయ్యగారూ అని అడిగాను.

ఆవిడ నా వైపు జరిగి కూర్చున్నారు. తర్వాత అన్నారు. "నీకు ఒకటి చెప్పనా? ఆయనతో యాభై మూడేళ్లు కాపరం చేశాను. గురక లేకుండా ఆయన నిద్దరోవడం ఒక్కనాడు కూడా నేను చూళ్లేదు. మా ఇంటి పెంకులు అదురుతాయి. ఆ రోజు సభలో తొమ్మిది మంది ఉన్నారు గదా, ఒక్కళ్లకైనా గురక వినపడిందంటావా?"

విసనకర్ర ఆగిపోయింది నా చేతిలో.

"ఆ ముందు రోజు ఉప్పుమళ్ల అప్పన్న వచ్చాడు. ఇద్దరూ చిన్నప్పట్నుంచీ జతగాళ్లు. మిట్టమధ్యాన్నం మా అరుగు మీదే ఒరిగిపోయాడు. ఈయన ఒళ్లో తల పెట్టుకుని నీళ్లు పోస్తానే ఉన్నాడు. పోయాక కూడా పోస్తానే ఉన్నాడు. నేనే చెంబు లాక్కున్నాను." చెంగుతో మొహం తుడుచుకున్నారు. "మర్నాడు సభకెళ్లొచ్చి, నిద్దరోయానే అన్నాడు. నేనేమీ అడగలేదు."

గట్టు 47, వేసవి 23. కరెంటు: 9 గంటలు

ఐదింటికే వెళ్లి అరుగు మీద ఎదురుగా కూర్చున్నాను. రికార్డుదారు సభ్యుణ్ణి నిలదీయకూడదు. నిలదీశాను.

"మీరు మెలకువగానే ఉన్నారు మావయ్యగారూ."

"ఎవరు చెప్పారు? మీ అత్తేనా?"

"మీ గురక చెప్పింది."

నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. చేతిలో బుట్ట పక్కన పెట్టేశారు.

"అనుకో. మెలకువనే ఉన్నాననుకో. ఆ మాటంటే ఏవవుద్ది? అరవై ఎకరాలు పోద్ది. నిద్దరోయానంటే ఊరు నవ్వుద్ది, ఎప్పుడూ నవ్వేదే. నేను నవ్వులపాలైతే అడవి బతుకుద్ది. ఇందులో నీకు కష్టమేముంది?"

"మరి అత్తయ్యగారు?"

"మా ఇంటికి చల్లపెట్టె ఇస్తామని పక్షంవాళ్లు అన్నారులే."

"ఆవిడకిస్తారు. ఆ నెలలు నిండిన పిల్లకి? జ్యోత్స్నా వాళ్ల అమ్మమ్మకి? ఈసారి ఒళ్లో ఎవరి తల పెట్టుకుంటారు?"

అన్నాక నాలుక కరుచుకున్నాను. పెద్దాయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నా మీద నాకే అసహ్యమేసింది. అయినా అన్నమాట వెనక్కి తీసుకోలేదు.

"నేను 'నిద్ర' అని రాయను. 'అవును' అనీ రాయను," అని లేచాను. "ఆ గడి ఖాళీగా వదిలేస్తాను. మీరే నింపుకోండి, అందరి ముందూ."

"ఖాళీ గడి రికార్డులో ఎప్పుడైనా ఉందా?"

"తప్పుకి గడి ఎప్పుడైనా ఉందా? మీరేగా గియ్యమన్నారు."

గట్టు 47, వేసవి 30. కరెంటు: 8 గంటలు

తెల్లవారి నాలుగున్నరకే గట్టు మీద ఊరంతా చేరింది. సావిడివాళ్లు ఒక పక్క, చల్లపెట్టెలవాళ్లు ఒక పక్క. సర్వారాయుడు గారు ఉతికిన పంచె కట్టుకుని కుర్చీలో నిటారుగా కూర్చున్నారు.

చదవడం మొదలుపెట్టాను. ఎండ పలకలు, వద్దు. "నా మాటే." డీజిల్ పడవలు మానడం, వద్దు. "నా మాటే." ఒకటి తర్వాత ఒకటి వద్దులు వస్తుంటే మొదట నవ్వారు. యాభై దాటాక జనమే నాతోపాటు "వద్దూ" అని రాగం తీయడం మొదలుపెట్టారు. ఆయన కూడా మీసాల్లో నవ్వుకుంటున్నారు. అద్దాల పొలం దగ్గర చప్పట్లు పడ్డాయి. గట్టు ఎత్తు దగ్గరికొచ్చేసరికి దక్షిణ వీధివాళ్లం ఎవరమూ రాగం తీయలేదు.

"నా మాటే," అన్నారు ఆయన. "తప్పు మాట."

మడ గీత చదివాను. "నా మాటే."

చివరికి మిగిల్చుకున్నది చదివాను. "గట్టు 28, చల్లసావిడి. సర్వారాయుడు గారు, ఖాళీ." జనం గొణిగారు. "మావయ్యగారూ, ఇందులో మీ మాటేది?"

లేవడానికి ఆయనకి టైము పట్టింది. కుర్చీ చెయ్యి పట్టుకుని నిలబడి, ముందు అడవి వైపు చూశారు. తర్వాత సావిడివాళ్ల వైపు చూశారు.

"నేను నిద్దరోలేదు," అన్నారు.

నిలకడ పక్షంలో ఒకాయన గబుక్కున లేచాడు. "పెద్దాయనా, కూర్చోండి, ఎండెక్కుతోంది."

"నువ్వు కూర్చో. మెలకువగానే ఉన్నాను. అప్పన్న నా ఒళ్లో పోయి ఒక రోజన్నా కాలేదు. వద్దనడానికి నోరు రాలేదు. అవునందామంటే సిగ్గేసింది. అన్నిటికీ వద్దన్న మనిషిని, మీరందరూ ఏమనుకుంటారోనని కళ్లు మూసుకున్నాను. జోసెఫ్ రాజు నా ఎదురుగానే ఉన్నాడు. కళ్లు మూసినోడు నిద్దరోయాడో లేదో ఆడికి తెలవదా? తెలిసే, మౌనమని రాసి ఊరుకోక కళ్లు మూసుకున్నానని కూడా రాశాడు. నన్ను కాపాడాడు." ఊపిరి తీసుకున్నారు. "రాయమ్మా. అవును. నా మాటే."

గడి నింపాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. సావిడివాళ్లలో ఒక ముసలావిడ కొంగు నోటికడ్డం పెట్టుకుంది, అంతే.

ఆయన ఇంకా కూర్చోలేదు. "గీత నేను గీసిందే. సాయంత్రం దాకా నేను సభ్యుణ్ణే. జరిపితే నేనే జరుపుతాను. జ్యోత్స్నా, అరవై ఇవ్వను. నలభై."

"నలభైలో తిన్నగా రాదండి తాతగారూ. వంకర తిరుగుద్ది. ఒండ్రు పడుద్ది."

"పడనీ. ఏడాదికొక వారం ఊరంతా దిగి పారలతో తీసుకోండి. చల్లపెట్టెలోళ్లు కూడా. సావిడి కావాలి, అడవి కావాలి, ఒళ్లు మాత్రం వంగకూడదంటే ఎలా కుదుర్తుంది?"

జ్యోత్స్న చేతి మీదే లెక్కలు వేసుకుంది. పెదాలు కదులుతున్నాయి. "వారం చాలదు. పది రోజులు," అంది.

అధ్యక్షుడు లేచి మూడుసార్లు అడిగాడు. మూడోసారికి నిలకడ పక్షంలో ఇద్దరు గొంతు పెంచి వద్దన్నారు. మిగిలిన ఊరు ఊరుకుంది. పది రోజులు బురదలో దిగాలని తెలిసే ఊరుకుంది. ఎండ కూతకి ఇంకా టైముంది కానీ అందరం అప్పుడే చెమటతో తడిసిపోయాం.

గట్టు 47, వేసవి 36. కరెంటు: 8 గంటలు

రికార్డు అప్పజెప్పేశాను. ఇక ఈ పుస్తకంలో రాయాల్సిన పని కూడా లేదు. అయినా ఇవాళ్టిది రాయకుండా ఉండలేను.

కాలవ పని ఇవాళే మొదలు. గొడ్డళ్లతో పన్నెండు మంది, జ్యోత్స్న, నేను. సర్వారాయుడు గారు అందరికంటే ముందే వచ్చి మోకాలి లోతు బురదలో నిలబడి ఉన్నారు. ఇప్పుడాయన సభ్యుడు కాదు. ఆయన్ని ఎవరూ రమ్మనలేదు. ఏ చెట్టు పోవాలో, ఏది ఉండాలో తెలిసిన మనిషి ఊళ్లో ఇంకొకరు లేరు, అందుకే వచ్చారు.

నాలుగు రోజులుగా ఆయన అడవిలోనే తిరుగుతున్నారట. కాలవని ఎక్కడ వంచితే ముదురు చెట్లు మిగులుతాయో చూసుకుంటూ, ఒక్కోచోట కర్ర పాతుతూ. జ్యోత్స్న రెండు కర్రలు పీకి పక్కకి పాతింది. ఆయన ఒకటి మళ్లీ వెనక్కి పాతారు. ఇద్దరూ కాసేపు పోట్లాడుకున్నారు. కుర్రాళ్లు గొడ్డళ్లు భుజాన పెట్టుకుని నవ్వుకున్నారు.

ఎంత వంచినా ఒక ముదురు ఉప్పుపొన్న దారికి అడ్డంగా ఉండిపోయింది. దానితోనే మొదలుపెట్టాలి. దాని మొదలు చుట్టూ సున్నపు గీత ఇంకా తెల్లగానే ఉంది.

"తాతగారూ, కొట్టమంటారా?" అని అడిగింది జ్యోత్స్న. అడగాల్సిన అవసరం ఆ పిల్లకి లేదు. అడిగింది.

ఆయన వెళ్లి చెట్టు మీద చెయ్యి వేశారు. పోటు ఎక్కుతూ నీళ్లు పంచె అంచుదాకా వచ్చాయి. ఎవరమూ తొందరపెట్టలేదు. నేను మనసులో ఆయన్ని బతిమాలాను, వద్దనండి మావయ్యగారూ, ఒక్కసారి వద్దనండి, ఇంటికెళ్లిపోదాం అని. సావిడిలో ఎవరెవరున్నారో తెలిసీ బతిమాలాను.

"అవును," అన్నారు. గట్టిగా, అవతలి గట్టుమీదికి వినపడేలా.

మొదటి దెబ్బకే నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. ఆయన ఏడవలేదు. చెట్టు పూర్తిగా ఒరిగి నీళ్లలో పడేదాకా కళ్లు తిప్పకుండా చూశారు. తర్వాత బురదలోంచి కాళ్లు పీక్కుంటూ నాలుగడుగులు నడిచి, చెయ్యెత్తి రెండో చెట్టు చూపించారు.